తీగ లేని కడ్డీల పని

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు డాబా మీద ఇంకా నిలబడే ఉన్న పాత దూరదర్శన్ యాంటెన్నాను చూసి మా అక్క కూతురు ఒక ప్రశ్న వేసింది. "మామయ్యా, వైరు ఈ ఒక్క కడ్డీకేగా ఉంది? మిగతావన్నీ కాకులు వాలడానికా?" పిల్ల ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. వచ్చే ఏడు యాంటెన్నాల పాఠం వస్తుంది, కడ్డీల పొడవులకు సూత్రాలు రాయిస్తారు, పదిహేను మార్కులు వస్తాయి. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం రాకపోవచ్చు. నాకూ చదువుకునే రోజుల్లో రాలేదు.

జవాబు కోసం 1920ల్లో జపాన్‌లోని సెండాయ్ నగరానికి వెళ్ళాలి. అక్కడి తోహోకు విశ్వవిద్యాలయంలో హిదెత్సుగు యాగి ప్రొఫెసరు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో బార్క్‌హౌజెన్ దగ్గరా, లండన్‌లో ఫ్లెమింగ్ దగ్గరా, అంటే రేడియో విద్యలో పేరున్న ప్రొఫెసర్ల దగ్గర చదివి వచ్చినవాడు. ఆయన కింద షింతారో ఉదా పనిచేసేవాడు. కడ్డీలను అటూ ఇటూ జరిపి, పొడవు తగ్గించి పెంచి, ప్రతిసారీ కొలిచి రాసుకున్న ఓపిక ఉదాది. 1926 నుంచి జపనీస్‌లో వరసగా వ్యాసాలు వేశాడు. 1928లో యాగి ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసం అమెరికాలో అచ్చయింది. అందులో ఉదా కృషిని యాగి స్పష్టంగానే చెప్పాడు, కానీ ప్రపంచం మాత్రం 'యాగీ యాంటెన్నా' అనేసింది. మన భాషలో యాగీ అంటే గోల, ఉదా అంటే సగంలో ఆగిన ఉదాహరణ. పేర్ల విషయంలో జరిగిందీ దాదాపు అదే. ఇప్పుడు పుస్తకాల్లో యాగి-ఉదా అని రాస్తున్నారు, కాస్త నయం.

సరే, కడ్డీల సంగతి. దీనికి ఇంట్లోనే చేసుకోదగ్గ ప్రయోగం ఒకటుంది. వదులుగా ఉన్న దండేనికి మూడు రాళ్ళను పురికొసతో వేలాడదీయండి. నడిమిదాని తాడు ఒక పొడవు, ఒక పక్కదానికి కాస్త ఎక్కువ, రెండో పక్కదానికి కాస్త తక్కువ. నడిమి రాయిని చేత్తో ఒకే లయలో ఊపుతూ ఉండండి. మిగతా రెండింటినీ ఎవరూ ముట్టుకోరు, అయినా దండెం కదలిక అందుకుని అవీ ఊగుతాయి. ఎలా ఊగుతాయన్నదే అసలు సంగతి. పొడుగు తాడు రాయి సహజంగా మందకొడి. మీ లయ అందుకోలేక వెనకబడుతుంది, దాదాపు అర ఊపు దాకా. పొట్టి తాడు రాయి చురుకైనది, ఇంచుమించు మీ లయతోపాటే వస్తుంది.

కడ్డీలూ అంతే. రాయి బదులు ఎలక్ట్రాన్లు, దండెం బదులు విద్యుత్ క్షేత్రం. వైరున్న కడ్డీ పొడవు దాదాపు సగం తరంగదైర్ఘ్యం, అంటే తరంగంలో ఒక శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉండే దూరంలో సగం. 60 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం 5 మీటర్లు, కాబట్టి కడ్డీ సుమారు రెండున్నర మీటర్లు. వెనక కడ్డీ దీనికన్నా ఓ ఐదు శాతం పొడవు, టీవీ స్టేషన్ వైపున్న ముందరివి ఓ ఐదు శాతం పొట్టి. ఒక్క ఐదు శాతానికే మందకొడితనం, చురుకుతనం వచ్చేస్తాయి.

ఇక లెక్క. తేలిగ్గా అర్థమవడానికి యాంటెన్నా ప్రసారం చేస్తోందనుకుందాం. అందుకునేటప్పుడూ ఏ దిక్కుకు ఎంత బలమన్నది మారదు. వెనక కడ్డీ పావు తరంగం దూరంలో ఉందనుకోండి. నడిమి నుంచి తరంగం దాన్ని చేరేసరికి పావు చక్రం, అంటే ఒక పూర్తి ఊపులో పావు వంతు గడుస్తుంది. అది మందకొడిది కనుక స్పందించడానికి ఇంకో అర చక్రం. మొత్తం ముప్పావు. అది తిరిగి వెదజల్లిన తరంగం నడిమి కడ్డీని చేరడానికి మరో పావు. ముప్పావూ పావూ కలిస్తే నిండు చక్రం! అంటే నడిమి కడ్డీ తరంగంతో లయ కలిసింది, ముందుకు రెండూ ఒకటై వెళతాయి. మరి వెనక్కి? వెనక కడ్డీ దగ్గర నడిమిది వచ్చేది పావు ఆలస్యంతో, వెనక కడ్డీ సొంతది ముప్పావు ఆలస్యంతో. తేడా సరిగ్గా అర చక్రం. ఒకటి పైకి లేచేసరికి ఇంకొకటి కిందికి దిగుతుంది, రెండూ చల్లారిపోతాయి. వెనక్కి వెళ్ళాల్సిన శక్తి ముందుకే మళ్ళింది.

ముందరి పొట్టి కడ్డీ కథ దీనికి తిరగేసిన రూపం. తరంగం వచ్చీరాగానే స్పందిస్తుంది కనుక ముందుకెళ్ళే తరంగంలో దాదాపు కలిసిపోతుంది, వెనక్కి వచ్చేటప్పటికి రానూ పోనూ దూరం వల్ల లయ తప్పుతుంది. ఇలాంటి పొట్టి కడ్డీలను వరసగా పేర్చుకుంటూ పోతే తరంగానికి పంట కాలువ తవ్వినట్టవుతుంది. యాగి తన వ్యాసంలో వాడిన మాట కూడా అలాంటిదే, తరంగ కాలువ. నిజంగా ఇవి లెక్కలేసి కోసిన పొడవులు కావు. కడ్డీలన్నీ ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటాయి కనుక కాగితం మీద తేలేది కాదు, ఉదా కొలిచి కనిపెట్టాల్సి వచ్చింది.

ఇంకో రెండు ముక్కలు. తీగ లేని కడ్డీలను, అన్నిటినీ మోసే అడ్డ గొట్టానికి నేరుగా బోల్టు బిగించేస్తారు, ప్లాస్టిక్ ముక్క కూడా ఉండదు. కడ్డీ మధ్యలో వోల్టేజి సున్నా కనుక అక్కడ లోహం తగిలినా నష్టం లేదు. వైరున్నదాన్ని మాత్రం సాగదీసిన ఉంగరంలా మడుస్తారు. విడిగా నిలబెట్టిన కడ్డీకి ఇంపీడెన్స్, అంటే అటూ ఇటూ ఊగే కరెంటుకు అది చూపే అడ్డు, 73 ఓమ్‌లు, పొరుగు కడ్డీలు చేరితే అది బాగా పడిపోతుంది. మడత పెడితే నాలుగింతలై, చదునుగా ఉండే 300 ఓమ్‌ల వైరుకు కాస్త దగ్గరవుతుంది, సిగ్నల్ అంత వృథా కాకుండా వైరులోకి దిగుతుంది.

రామాయణం వచ్చే ఆదివారాల్లో మా వీధిలో యాంటెన్నాకు అల్యూమినియం పళ్ళెం కట్టినవాళ్ళున్నారు, నిమ్మకాయ కట్టినవాళ్ళూ ఉన్నారు. పళ్ళెం వల్ల ఒక్కోసారి బొమ్మ బాగుపడేది. పక్కన లోహం చేరితే లయ మారుతుంది కదా, అదృష్టం బాగుంటే మంచివైపే మారుతుంది. నిమ్మకాయ వల్లా బాగుపడేదనేవాళ్ళు. కట్టడానికి ఎక్కినవాడు గొట్టాన్ని కాస్త తిప్పి ఉంటాడు.

యాంటెన్నా పుట్టింట్లో మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ పట్టుకున్న జపాన్ సైన్యానికి బ్రిటిష్ రాడార్ నోట్సులో 'యాగి' అన్న మాట పదేపదే కనిపించిందట. అదేమిటని బందీని నిలదీస్తే, మీ దేశపు ప్రొఫెసరు పేరేనన్నాడని చెబుతారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచిన రాడార్లవీ ఈ యాంటెన్నాలే. ఫొటోల్లో బాంబు ముందు భాగంలో పొడుచుకొచ్చిన కడ్డీలు కనిపిస్తాయి. నేను ఆ ఫొటో చూసినప్పుడల్లా సెండాయ్‌లో కొలతలు రాసుకుంటున్న ఉదాయే గుర్తొస్తాడు. యుద్ధం తర్వాత 1950ల్లో ఆయన యునెస్కో తరఫున మన దేశానికి వచ్చి, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేశాడు. యాగి, ఉదా ఇద్దరూ పోయింది ఒకే ఏడాది, 1976లో.

పిల్లకు ఇదంతా చెప్పి, తిరుగు ప్రయాణంలో తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకి చూపించాను. అక్కడ వాతావరణాన్ని పరిశోధించే రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న పొలంలాంటి జాగాలో 32 వరసలు, వరసకు 32 చొప్పున 1024 యాగీలు ఆకాశం వైపు తిరిగి నిలబడి ఉంటాయి. దేనికైనా మూడే అంతస్తుల కడ్డీలు. పైన పొట్టి, కింద పొడుగు, మధ్యదానికి మాత్రమే తీగ.