బెల్టు కీచుమంటే ముందు పుల్లీల సంగతి చూడండి

బుజ్జీ, చిన్నా,

పొద్దున్నే కారు స్టార్ట్ చేయగానే కీచుమంటోంది, బెల్టు ఇంట్లోనే మార్చేద్దామా తాతయ్యా అని అడిగారు కదా. మార్చొచ్చు. డైనమోని, ఏసీ కంప్రెసర్‌ని, చాలా బళ్లలో వాటర్ పంపుని కూడా తిప్పేది ఇంజిన్ పక్కన బయటికే కనిపించే, పొడవునా సన్నటి గాడులున్న గాళ్ల బెల్టు, మీరు ముట్టుకోవాల్సింది అదొక్కటే. కవర్ లోపలుండే టైమింగ్ బెల్టు జోలికి మాత్రం వెళ్లకండి, అది ఒక్క పన్ను తప్పినా ఇంజిన్‌కే ముప్పు.

అయితే కీచుమన్న ప్రతిసారీ తప్పు బెల్టుదే కాదు. బండి ఆన్‌లో ఉండగా కాస్త దూరంగా నిలబడి, చున్నీలూ చేతులూ దగ్గరికి పోనీయకుండా, బెల్టు గాళ్ల వైపు స్ప్రే బాటిల్‌తో రెండు చుక్కల నీళ్లు కొట్టండి. కూత ఆగి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ, అంటే బెల్టు చుట్టి ఉండే చక్రం, వరసలో లేదని, ఇంకా పెరిగితే బెల్టు వదులై జారుతోందని అర్థం. ఇప్పటి బెల్టుల రబ్బరు పాతవాటిలా తొందరగా పగుళ్లు చూపించదు, పైకి కొత్తదానిలా నిగనిగలాడుతూనే లోపల గాళ్లు అరిగిపోతాయి, అందుకే చూసి బాగానే ఉందిలే అనుకోకండి.

ఇక పని. ఈ రోళ్లు పగిలే ఎండలో కాదు, తెల్లారగట్ల ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బెల్టు ఏ పుల్లీ పైనుంచి, దేని కిందనుంచి వెళ్తోందో తీయకముందే ఫోటో తీసుకోండి, ఇది మర్చిపోతే అరగంట పని సాయంత్రం దాకా సాగుతుంది. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగు పుల్లీ ఉంటుంది, దాన్ని టెన్షనర్ అంటారు, దాని బోల్టుకి రింగు పానా వేసి, స్ప్రింగు లొంగే వైపు నెట్టి పట్టుకుంటే బెల్టు వదులవుతుంది, పై పుల్లీ మీంచి జార్చేసి పానాని మెల్లగా వదలండి, గబుక్కున వదిలితే వేళ్లు నలుగుతాయి. పాత బళ్లలో స్ప్రింగు ఉండదు, డైనమో బోల్టుతోనే బిగించాలి. మరీ బిగిస్తే డైనమో బేరింగు పోతుంది.

బెల్టు తీశాక కొత్తది వేసే తొందరలో పడకండి, అసలు చూడాల్సింది ఇప్పుడే. ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగు అయిపోయినట్టే. ఆయిలు గానీ కూలెంటు గానీ కారి జిడ్డు పట్టి ఉంటే ఆ లీకు ఆపకుండా ఎన్ని బెల్టులు వేసినా దండగే.

ఆటోనగర్‌కి పాత బెల్టు పట్టుకెళ్లండి. దాని మీద 6పీకే1750 లాంటి నంబరుంటుంది, అంటే ఆరు గాళ్లు, 1750 మిల్లీమీటర్ల పొడవు. షాపతను "ఇదీ సరిపోద్దిలే" అని దగ్గరి సైజు ఇవ్వబోతే తీసుకోవద్దు.

వేసేటప్పుడు ప్రతి పుల్లీ దగ్గరా వేలితో తడిమి, బెల్టు అంచు ఒక గాడి పక్కకి పోలేదని చూసుకోండి. పోయిందంటే అంచు పీచులు పీచులుగా లేచి, ఏ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోనో తెగుతుంది. అప్పుడు బ్యాటరీ లైటు వెలిగి, వేడి ముల్లు పైకి లేస్తే బండి పక్కకి తీసి వెంటనే ఆపేయండి, ఇంటిదాకా లాగించొద్దు.

అంతా అయ్యాక ఏసీ ఫుల్లుగా పెట్టి చూడండి. ఇంకా కీచుమంటే ఫోన్ చేయండి, మధ్యాహ్నం నేను పడుకునే టైములో మాత్రం కాదు.

మీ తాతయ్య
విజయవాడ