గుంటూరుకు గుణింతాలు తీసేస్తే

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి తన కొట్టు పేరు మీద వెబ్ అడ్రసును పూర్తిగా తెలుగులో తీసుకున్నాడనుకుందాం. చివరనున్న ‘డాట్ భారత్’తో సహా అంతా తెలుగు లిపే. ఆ పేరు బ్రౌజర్‌లో కొడితే సైటు తెరుచుకుంటుంది. అదే పేరుతో ఉన్న ఈమెయిల్‌ను ఏదో ఆన్‌లైన్ ఫారంలో నింపితే మాత్రం ‘సరైన ఈమెయిల్ ఇవ్వండి’ అని ఎర్రగా వస్తుంది.

పేరులో ఏ లోపమూ లేదు. 1983 నాటి డొమైన్ పేర్ల (అంటే వెబ్ అడ్రసుల) వ్యవస్థ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్‌తో నడుస్తుంది. మిగతా లిపులను అందులో ఇమిడ్చేందుకు 2003లో ప్యూనీకోడ్ అనే పద్ధతి వచ్చింది. అది మన ‘భారత్’ను ‘ఎక్స్ఎన్, రెండు హైఫన్లు, ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ’గా మారుస్తుంది. సర్వర్లకు కనిపించేది ఆ గజిబిజే. ఈమెయిల్‌లో ‘ఎట్’ గుర్తుకు ముందున్న భాగానికి ఈ కిటుకు పనికిరాదు. అక్కడ తెలుగు నడవాలంటే మెయిల్ సర్వర్లే నేర్చుకోవాలి. అందుకు కావలసిన ప్రమాణాలు 2012లోనే వచ్చాయి.

అడ్డుపడుతున్నది ఫారం వెనకున్న కోడు. చివరి భాగంలో రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయన్న పాత లెక్క అది. 2001లో ఇంగ్లీషులో నాలుగక్షరాలుండే డాట్ ఇన్ఫో వచ్చినప్పుడే ఆ లెక్క తప్పింది. 2013 నుంచి వెయ్యికి పైగా కొత్త ముగింపులు చేరినా ఆ కోడును చాలాచోట్ల ఎవరూ ముట్టుకోలేదు.

తెలుగుకు ఇంకో గండం ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ‘ఏ భాష అక్షరమైనా సరే’ అని ఉదారంగా రాసిన కోడు కూడా మనల్ని ముంచుతుంది. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్‌లో సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అక్షరాలు కావు, ‘మార్కులు’. అక్షరాలను మాత్రమే ఉంచితే గుంటూరు ‘గటర’ అవుతుంది, విజయవాడ ‘వజయవడ’ అవుతుంది. రష్యన్, చైనీస్ పేర్లతో పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు. అందుకే బెజవాడలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తెలుగు పేరుతోనే పరీక్షించాలి.

దిద్దుబాటు పెద్ద పనేమీ కాదు. అక్షరాలతో పాటు మార్కులనూ ఒప్పుకోవాలి. డొమైన్‌ను సరిచూసే పని ఇతర లిపుల డొమైన్ పేర్లకున్న ‘ఐడీఎన్ఏ 2008’ నియమాలు పాటించే లైబ్రరీకి, అంటే సిద్ధంగా దొరికే కోడుకు, అప్పగించాలి. ఈమెయిల్‌లో ‘ఎట్’ గుర్తు ఉందో లేదో చూసి, ఆ అడ్రసుకే ఒక ధ్రువీకరణ మెయిల్ పంపాలి. అది చేరితే అడ్రసు సరైనదే.