రాళ్లకు రంగు ఎప్పుడొస్తుంది?

చిత్తూరు

చిరంజీవులు హర్షకు, లాస్యకు తాత దీవించి రాయడం.

మీ ఉప్పునీటి చేపల ట్యాంకు ఫొటోలు అందాయి. క్లౌన్ చేపలు చురుగ్గా ఉన్నాయి, నీళ్లు తేటగా ఉన్నాయి, సంతోషం. మీ దిగులంతా రాళ్ల మీదేనని అర్థమైంది. ఇన్ని నెలలైనా అవి తెల్లగానే ఉన్నాయని, గోధుమరంగు పాచి తప్ప ఏమీ పట్టలేదని, చెన్నై కొళత్తూరులో చూసిన ట్యాంకుల్లో మాత్రం రాళ్లన్నీ ఊదారంగులో, గులాబీరంగులో మెరిసిపోతున్నాయని రాశారు. ఆ రంగు సీసాలో అమ్ముతారట, కొనమంటావా తాతా అని లాస్య అడిగింది. ఇప్పుడే వద్దమ్మా. ఎందుకు వద్దో తెలియాలంటే ముందు ఆ రంగు ఏమిటో తెలియాలి.

అది ప్రాణమున్న నాచు. కోరలైన్ ఆల్గే అంటారు, ఎర్ర నాచుల్లో ఒక రకం. మామూలు నాచు చేతికి తగిలితే జారుతుంది, ఇది గట్టిగా గీరితే తప్ప ఊడదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియాన్ని, కార్బోనేట్‌ను లాక్కుని తన కణాల గోడల్లో సున్నపురాయిని పేర్చుకుంటుంది. కొంత మెగ్నీషియం కూడా అందులో చేరుతుంది. ఈ గట్టిదనం చూసి లిన్నేయస్ అంతటి శాస్త్రవేత్త దీన్ని జంతువుల లెక్కలో వేశాడు. 1837లో ఫిలిప్పి అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలాంటి రాతి నాచులు జంతువులు కావని తేల్చాడు.

చంద్రగిరి కోటలో రాజమహల్ చూశారు కదా. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నపు గారతో లేపిన మేడ అది. గారలోని సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా కాల్షియం కార్బోనేట్‌గా గట్టిపడి, రాయినీ రాయినీ పట్టి ఉంచుతుంది. సముద్రంలో పగడపు దిబ్బలకు ఆ గార పని చేసేది ఈ నాచే. విరిగిన పగడపు ముక్కల మీద పొరలు పొరలుగా పాకి వాటిని ఒకటిగా అతికిస్తుంది. ఇంకొకటి కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి: చాలా రకాల పగడాల పిల్లలు నీళ్లలో ఈదుతూ వచ్చి ఎక్కడ స్థిరపడాలో వెతుక్కునేటప్పుడు ఈ నాచు ఉన్న చోటును గుర్తుపట్టి దిగుతాయి. కాబట్టి మీరు కోరుకుంటున్నది రాళ్లకు అందం మాత్రమే అనుకోకండి.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, మొత్తం విషయం ఇందులోనే ఉంది.

ఈ నాచుకు మూడు కావాలి. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు అని), మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్. ఆల్కలినిటీ అంటే నీళ్లలో కార్బోనేట్, బైకార్బోనేట్ ఎంత ఉన్నాయో చెప్పే కొలత, డీకేహెచ్ దాని ప్రమాణం. ట్యాంకులో మీరు మొదట కొలిచేది కాల్షియమే, నాకు తెలుసు. అందరూ అంతే. కానీ ముందు తరిగిపోయేది ఆల్కలినిటీ. లెక్క చూడండి: నాచు సున్నపురాయి కట్టుకునేటప్పుడు 20 పీపీఎం కాల్షియం వాడితే, దానితోపాటు సుమారు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ పోతుంది. 420లో 20 పోతే ఇరవయ్యో వంతు తగ్గినట్టు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. 8లో 2.8 పోతే మూడో వంతుకు పైగా ఖాళీ. కాల్షియం అంకె చూసుకుని అంతా బాగుందని నిశ్చింతగా ఉన్న ట్యాంకులో నాచు ఎదుగుదల ఆగిపోయేది ఇందుకే.

మెగ్నీషియం పని వేరు. కాల్షియం, కార్బోనేట్ ఒకదాన్నొకటి పట్టుకుని హీటరు మీద, పంపు మీద తెల్లటి పెచ్చుగా దిగిపోకుండా అది అడ్డుపడుతుంది. మెగ్నీషియం తక్కువైతే మిగతా రెండూ ఎంత పోసినా నిలవవు.

ఈ అంకెలు ఎక్కువగా ఉండటం కంటే నిలకడగా ఉండటం ముఖ్యం. ఆల్కలినిటీ ఇవాళ 7, రేపు 11, ఎల్లుండి 8 అయితే ఆ నాచు తట్టుకోలేదు, అక్కడక్కడ తెల్లబడి చచ్చిపోతుంది. ఆల్కలినిటీ తగ్గిందని తెలిసినా ఒక్క రోజులో 1 డీకేహెచ్ కంటే పెంచకండి.

హర్షా, బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువే కదా, అవే పోస్తే సరిపోదా అని అడిగావు. మంచి ప్రశ్న. బకెట్టు అడుగున తెల్లగా పేరుకునేది చాలావరకు కాల్షియం కార్బోనేటే, నిజం. కానీ బోరు నీళ్లతో పాటు సిలికేట్లు, నైట్రేట్లు కూడా రావచ్చు. మీ రాళ్ల మీద గోధుమరంగు పాచి డయాటమ్లనే కంటికి కనబడనంత చిన్న నాచుల పని అనుకుంటున్నాను, అవి తమ గుల్ల కట్టుకోవడానికి సిలికేట్ కావాలి. ఆర్ఓ నీళ్లే వాడండి. వంటింటి ఆర్ఓలో రుచి కోసం కొంత మామూలు నీరు కలిపే మీట ఉంటుంది చాలా మెషీన్లలో. నీళ్లలో కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఉప్పు మాత్రం మెరైన్ సాల్ట్ మిక్సే. కళ్లుప్పులో సోడియం క్లోరైడు తప్ప మనకు కావలసిన మిగతావి చాలినంత ఉండవు. 2022లో జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది, తూపిలిపాళెం నుంచి నీళ్లు తెచ్చుకుందామని మీ నాన్న అన్నాడట. ఒడ్డు నీళ్లలో మురుగు కలుస్తుంది, వానాకాలంలో ఉప్పదనం పడిపోతుంది. వద్దని చెప్పండి.

ఫాస్ఫేట్ గురించి రెండు మాటలు. అది ఎక్కువైతే సున్నపురాయి స్ఫటికాలు పెరగనివ్వదు, పైగా జుట్టులాంటి పచ్చ నాచుకు బలమిస్తుంది. అది ఎక్కువగా మీరు వేసే మేతలోంచే వస్తుంది. చేపలు రెండు, మేత వేసే చేతులు నాలుగు మీ ఇంట్లో. ఒకరే వేయండి, మిగలకుండా వేయండి.

వెలుతురు మండిపోయేలా అక్కర్లేదు. లోతు నీళ్లలోకి చేరే నీలి, ఆకుపచ్చ వెలుతురును పట్టుకునే ఎర్ర వర్ణకం ఈ నాచులో ఉంది. బహామాస్ దీవుల దగ్గర 268 మీటర్ల లోతులో కూడా ఇది బతుకుతున్నట్టు కనుక్కున్నారు. అందుకే మీ ట్యాంకులో మొదటి చుక్కలు రాళ్ల నీడ పక్కన, వెనక అద్దం మీద కనబడవచ్చు, అక్కడ వెతకండి.

తిరుపతి ఎండాకాలం మాత్రం నిజంగా భయపెట్టేదే. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి పైకి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల కొన్ని డిగ్రీలు తగ్గుతాయి, మన పొడి ఎండలో ఇది చెన్నైలో కంటే బాగా పనిచేస్తుంది. కానీ ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గినంతా ఉత్త ఆర్ఓ నీళ్లతో రోజూ నింపాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం ఎక్కిపోతుంది.

ఇప్పుడు విత్తనం. మీరు పెట్టినవి ఎండు రాళ్లు, వాటి మీద ఏ నాచూ లేదు. ఎక్కడి నుంచో రావాలి కదా. ఊదారంగు పట్టిన నత్త గుల్ల, లేదా ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు అద్దం మీంచి గీరిన పెచ్చులు చాలు. ట్యాంకు పెట్టుకున్న స్నేహితులను అడగండి, తడి ఆరకుండా తెచ్చి నీళ్ల పారుదల ఉన్న చోట వేయండి. సీసా వద్దన్నది నీళ్లు కుదరకుండా ఏ విత్తనం వేసినా మొలవదనే. ఆ డబ్బుతో మంచి ఆల్కలినిటీ టెస్ట్ కిట్ కొనుక్కోండి. సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి ఇస్తామని ఎవరైనా అంటే తీసుకోకండి. మన్నార్ సింధుశాఖ లాంటి చోట్ల దిబ్బలు ఇలాగే తరిగిపోయాయి. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది.

సముద్రపు ముళ్లబంతి (సీ అర్చిన్) కొనాలని ఉందన్నారు. చాలా రకాలు ఈ నాచునే కొరికి తింటాయి, రాళ్ల మీద తెల్ల చారలు వదులుతాయి. ఇప్పుడొద్దు. టర్బో నత్తలు రెండు పెట్టండి, మెత్తటి పాచిని తిని రాయిని శుభ్రం చేస్తాయి.

మీ నాన్న సున్నపు తేట పోద్దామంటున్నాడు. తప్పు ఆలోచన కాదు, అది కాల్షియాన్నీ ఆల్కలినిటీనీ సరిపాళ్లలో ఇస్తుంది. కానీ దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది, కంట్లో పడితే ప్రమాదం. మీరిద్దరూ ముట్టుకోకూడదు. తమలపాకు సున్నం అసలే వాడకూడదు, అందులో ఏమేం కలిసి ఉంటాయో చెప్పలేం. అయినా తెల్ల రాళ్లున్న ట్యాంకులో కాల్షియం, ఆల్కలినిటీల వాడకం చాలా తక్కువ, వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే ప్రస్తుతానికి సరిపోవాలి.

సరిపోతోందో లేదో చూడటానికి ఒక పని చెయ్యండి. ఈసారి నీళ్లు మార్చిన మర్నాటి నుంచి ఆరు రోజులు, రోజూ సాయంత్రం ఒకే వేళకు ఆల్కలినిటీ కొలిచి నోటు పుస్తకంలో రాయండి. హర్ష కొలవాలి, లాస్య రాయాలి, మర్నాడు తారుమారు. ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. అంకె నిలకడగా ఉంటే సున్నపు తేట మాట పక్కన పెడదాం. దిగుతుంటే ఎంత దిగుతోందో లెక్క కట్టి మీ నాన్నకు నేనే ఫోన్ చేస్తాను.

మీ అమ్మకు నా దీవెనలు.

మీ తాత