ముక్కు కుట్టించుకోబోయే మనవరాళ్ళకు

బంగారు తల్లులకు,

ఈ సెలవుల్లో ముక్కు కుట్టించుకుంటామని ఇద్దరూ పట్టుబట్టారట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాకు చాలా సంతోషమైంది. కుడివైపా, ఎడమవైపా అని పోట్లాడుకోకండి. మన ఇంట్లో కుడివైపు కుట్టించడం అలవాటు, అంతే. అద్దంలో చూసుకుని నచ్చిన చోట చుక్క పెట్టించుకోండి.

నాకు తొమ్మిదో ఏట కుట్టించారు. కంసాలి తాత అరుగు మీద కూర్చోబెట్టి, సన్నటి బంగారు తీగ మొనను ముక్కులో దూర్చి మెలిపెట్టాడు. నోట్లోని బెల్లం ముక్క కరిగేలోపే అయిపోయింది. అసలు బాధ తర్వాత మొదలైంది. తీగను తిప్పకపోతే కండ పట్టేస్తుందని ఎవరో అంటే, రోజూ రెండు పూటలా తిప్పేదాన్ని. తిప్పినప్పుడల్లా నెత్తుటి చుక్క. పదిహేను రోజులకు ముక్కు వాచి చీము పట్టింది.

ఎందుకలా అయిందో చాలా ఏళ్ళకు తెలిసింది. కుట్టిన రంధ్రం సన్నటి గొట్టం లాంటిది. దాని గోడల చుట్టూ కొత్త చర్మం అల్లుకోవాలి. పుడకను తిప్పితే దాని చుట్టూ ఎండిన పొక్కు లోపలికి వెళ్ళి, ఆ లేత చర్మాన్ని చీరేస్తుంది. కొన్ని వారాలకే పైకి మానినట్టు కనిపిస్తుంది కానీ, లోపల మానడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది కూడా పడుతుంది. అందాకా పుడకను తిప్పకండి, మార్చకండి.

దుకాణాల్లో తుపాకీ లాంటి పరికరంతో కొడతారే, దానికి మాత్రం ఒప్పుకోకండి. అది మొండి మొనను బలంగా నెట్టి ముక్కును నలిపేస్తుంది. దానిలోని ప్లాస్టిక్ భాగాలను ఆవిరితో శుద్ధి చేయడం కుదరదు. మీ అమ్మకు అలాగే కొట్టించి నేను తప్పు చేశాను. పొట్టి పుడక వాపులో కూరుకుపోతే డాక్టరు తీయవలసి వచ్చింది. మీ ఎదుటే పొట్లం విప్పిన కొత్త సూదితో, చేతి తొడుగులు వేసుకుని కుట్టేవారి దగ్గరికే వెళ్ళండి. వాడిన సూదితో కామెర్లు తెచ్చే హెపటైటిస్ లాంటి జబ్బులు అంటుకుంటాయి.

మొదటి పుడక శరీరంలో అమర్చే రకం టైటానియందైతే మేలు, లేదా నికెల్ కలపని 14, 18 కారట్ల బంగారం. మన 22 కారట్ల బంగారం మెత్తన, గీతలు పడతాయి. గిల్టు నగలు అసలే వద్దు.

రోజూ రెండుసార్లు చేతులు కడుక్కుని, మందుల దుకాణంలో దొరికే 0.9 శాతం సెలైన్ (శుద్ధమైన ఉప్పునీరు) చల్లండి. పొక్కు నానాక కట్లు కట్టే శుభ్రమైన పల్చటి గాజ్ గుడ్డతో అద్దండి, గోటితో గిల్లకండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్త చర్మాన్ని కాలుస్తాయి. పసుపు, కొబ్బరినూనె రాయమని మీ నాయనమ్మ అంటే ప్రేమగానే వద్దని చెప్పండి, పచ్చి గాయానికి అవి వద్దు. ముఖం తుడుచుకునేటప్పుడు తువ్వాలు దారపు పోగు పుడకకు తగులుకుందంటే ప్రాణం గిలగిలలాడుతుంది. మెత్తటి పాత నూలు గుడ్డ వాడండి. కొన్నాళ్ళు ఈత మానండి.

తెల్లగా, లేత పసుపుగా కొంచెం ఊరి ఎండిపోతే భయం లేదు. ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉండి చిక్కటి చీము వస్తున్నా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి. మీరే పుడక పీకేస్తే రంధ్రం మూసుకుపోయి చీము లోపలే నిలిచిపోతుంది. దెబ్బ మానాక మచ్చలు గడ్డల్లా పెరిగే తత్వం ఉంటే కుట్టించుకునే ముందే డాక్టరును అడగండి.

మా అమ్మ తెల్లరాళ్ళ బేసరి నా పెట్టెలోనే ఉంది. దాని కాడ లావు, ఇప్పుడే మీకు పట్టదు. మీ ముక్కులు బాగా మానాక కంసాలితో కాడ సన్నం చేయించి ఉంచుతాను, సంక్రాంతికి రండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ