కొండ దిగాక బీపీ పోయిందా?

ఒడిశాలోని బరంపురంలో మందుల షాపు నడుపుతున్నాను. ఇక్కడికి దగ్గర్లోని కొండ మీద తారా, తారిణి అనే అక్కచెల్లెళ్ళ అమ్మవార్ల గుడి ఉంది. ఏటా చైత్రంలో మంగళవారాలు గడిచేకొద్దీ ఇదే మాట: "తారాతారిణి కొండెక్కి మొక్కు తీర్చుకున్నాం, బీపీ పోయింది. ఈ నెల మాత్రలు వద్దు బాబూ."

పోలేదమ్మా.

ఒళ్ళు తేలికపడటం నిజమే. 999 మెట్లెక్కి, ఋషికుల్య నది గాలి పీల్చి, ఏడాదిగా మోస్తున్న దిగులు అక్కచెల్లెళ్ళిద్దరి ముందు దించుకుంటే మనసు నిమ్మళిస్తుంది. దిగొచ్చి కాసేపు కూర్చుని చూపించుకుంటే అంకె కూడా కొంత తగ్గి కనిపించవచ్చు. అది కొన్ని గంటల మాటే. మాత్ర మానేస్తే బీపీ మళ్ళీ పెరుగుతుంది, చాలామందికి తలనొప్పయినా రాకుండానే. ఒంట్లో బాగుందనిపించడం వేరు, 140/90 దాటకుండా ఉండటం వేరు.

మా పిన్ని అలాగే మానేసింది. "ఒళ్ళు దూదిపింజలా ఉందిరా" అంటే నేనూ సంతోషించాను గానీ, మాత్రలెందుకు తీసుకెళ్ళట్లేదని అడగలేదు. ఆషాఢంలో ఓ పొద్దున మూతి వంకరపోయింది, కుడిచెయ్యి లేవలేదు. దిష్టి తగిలిందని ఇంట్లో మధ్యాహ్నం దాకా ఆగారు. అది పక్షవాతం. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, ఆ సమయం దాటిపోయింది. ఇప్పటికీ ఆ చేత్తో ముద్ద కలుపుకోలేదు. అయినా ఈ చైత్రంలో రోప్‌వేలో వెళ్ళొచ్చింది, సంచిలో మాత్రలు పెట్టుకుని. వెళ్ళొద్దని నేనెందుకంటాను?

మొక్కులవాళ్ళు మందుల్ని నమ్మరని మా వృత్తిలోవాళ్ళే కొందరంటారు. అదీ తప్పే. నా దగ్గర నెల మాత్రలు కొనుక్కుని, అటునుంచి అటే కొండవైపు వెళ్ళే పురుషోత్తంపూర్ బస్సెక్కేవాళ్ళు ఎంతమందో!

ఆటలమ్మ పోస్తే మందు వేస్తే అమ్మవారికి కోపమొస్తుందన్నది ఇంకో పుకారు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేషం కడతామని మొక్కుకోండి, వేపాకూ పెట్టుకోండి. గర్భిణికిగానీ పెద్దవాళ్ళకిగానీ పోస్తే మాత్రం పొక్కులు కనిపించిన రోజే డాక్టరుకు చూపించండి. మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత పనిచేస్తుంది.

ఉపవాసమని షుగర్ మాత్రల సంగతి మీరే తేల్చుకోకండి, ముందే డాక్టర్ని అడగండి. గ్లిమెపిరైడ్ లాంటిది వేసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. మెట్ల మీద చెమటలు పట్టి చేతులు వణికితే అక్కడే కూర్చుని పంచదార నీళ్ళు తాగండి.