సముద్రంలో బోరుబండి

పోయిన ఎండాకాలం మా పక్క చేనులో బోరు వేశారు. అనంతపురం జిల్లాలో ఇదేమీ వార్త కాదు. రెండు లారీలు వచ్చాయి, ఒకదాని మీద రిగ్గు, ఇంకోదాని మీద కంప్రెసర్. సాయంత్రం మొదలుపెట్టి తెల్లవార్లూ కొడుతూనే ఉన్నారు. తెల్లారి అమ్మ చెంబు పట్టుకొని ఎనుము దగ్గర కూర్చుంది. దూడను వదిలింది, మళ్లీ లాగి కట్టేసింది, పొదుగు కడిగి అరగంట సేపు బుజ్జగించింది. ఎనుము చేపలేదు. చెవులు అటు తిప్పి, కంప్రెసర్ మోగినప్పుడల్లా కాలు మార్చి మార్చి నిలబడింది.

దానికి దెబ్బేమీ తగల్లేదు. పశువుల డాక్టరును పిలిచినా ఒంటి మీద గాయం చూపించలేం. బెదిరిన పశువు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. పాలను పొదుగులోంచి కిందికి దింపే ఆక్సిటోసిన్ పనికి అది అడ్డుపడుతుంది. నష్టం ఎంతో తెలియాలంటే ఎనుమును కాదు, చెంబును చూడాలి.

ఆ వారమే మా చిన్నాన్న కొడుకు ఒక వీడియో పంపాడు. వాడు సివిల్ ఇంజనీరు, తీరంలో ఒక జెట్టీ కడుతున్న చోట పని. బార్జి మీద క్రేను, దానికి వేలాడుతున్న ఇనుప గొట్టం. ఫోన్ చేస్తే, ‘ఇది కూడా మన బోరుబండే అన్నా, కాకపోతే నీళ్లలో’ అని నవ్వాడు. వాడు సరదాకే అన్నాడు గానీ, ఆ పోలిక నన్ను వదల్లేదు. సముద్రంలో పాలిచ్చే జంతువులు ఉన్నాయి కదా. తిమింగలాలు, డాల్ఫిన్లు, సీల్ జంతువులు, మనవాళ్లు సముద్రపు ఆవు అని పిలిచే డ్యూగాంగ్. మా ఎనుము పాలలో కొవ్వు నూటికి ఏడు పాళ్లుంటే, నీలి తిమింగలం పాలలో మూడో వంతుకు పైగా కొవ్వే. అంత చిక్కటి పాలు తయారు కావాలంటే తల్లికి తిండి దండిగా దొరకాలి. తినాలంటే వినాలి.

ఈ చివరి మాటకు కాస్త వివరణ కావాలి. చిన్నప్పుడు ఈతబెండ్లు కట్టుకొని తోట బావిలో దూకే రోజుల్లో మాకొక ఆట ఉండేది. ఒకడు మునిగి రెండు గులకరాళ్లు టకటక కొడతాడు. ఇంకొకడు వేరే మూల మునిగి, చప్పుడు ఎటునుంచి వస్తోందో చేత్తో చూపించాలి. ఎవడూ సరిగ్గా చూపించిన పాపాన పోలేదు. ఆ రాళ్లు మన తలకాయలోనే కొట్టుకుంటున్నట్టు ఉండేది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. గాలిలో ఒక చెవికి ముందు, ఇంకో చెవికి రవ్వంత వెనక చేరుతుంది కాబట్టి మెదడు దిక్కు పట్టగలుగుతుంది. నీళ్లలో ఆ రవ్వంత తేడా నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా శబ్దం చెవి రంధ్రం కోసం చూడదు, పుర్రె ఎముకల్లోంచే నేరుగా లోపలికి వస్తుంది.

డాల్ఫిన్ ఈ చిక్కును దాటేసింది. దాని లోపలి చెవి ఎముకలు పుర్రెకు అతుక్కొని ఉండవు. కింది దవడలో ఉండే కొవ్వు శబ్దాన్ని మోసుకొచ్చి చెవికి అందిస్తుంది. అది క్లిక్ క్లిక్‌మని చప్పుడు చేసి, చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితో ఆ చేప ఎక్కడుందో పట్టేస్తుంది. వెలుగు నీళ్లలో కొన్ని పదుల మీటర్లలోనే మసకబారిపోతుంది, శబ్దమైతే మైళ్లు పోతుంది. అందుకే సముద్ర క్షీరదానికి చెవే కన్ను. మన జాతీయ జలచరం గంగా డాల్ఫిన్‌కైతే కళ్లు దాదాపు కనబడవు, ఆ బురద నీళ్లలో బతుకంతా చెవి మీదే.

ఇప్పుడు ఆ ఇనుప గొట్టం దగ్గరికి వద్దాం. జెట్టీకో, వంతెనకో, సముద్రంలో గాలిమరకో పునాది వేయాలంటే పైల్స్, అంటే అలాంటి గొట్టాల స్తంభాలు, సముద్రపు అడుగులోకి దింపాలి. ఆ పనే పైలింగ్. పెద్ద హ్యామర్ పైనుంచి కొడుతుంది. దెబ్బ పడగానే గొట్టం రవ్వంత కుదించుకుపోయి, పక్కలకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పాము మింగిన ఎలుకలాగా గొట్టం వెంట కిందికి జారుతుంది, సెకనుకు 5 కిలోమీటర్ల వేగంతో. నీళ్లలో శబ్దం వేగానికి ఇది మూడింతలకు పైమాటే. కాబట్టి శబ్దం గొట్టం చుట్టూ శంఖువు ఆకారంలో విడిపోయి, ఏటవాలుగా అడుగుకు కొట్టి, మళ్లీ పైకి తేలుతూ దూరాలకు పోతుంది. కొంత నేల లోపలికి దిగి, ఎక్కడో దూరంగా మళ్లీ నీళ్లలోకి వస్తుంది. పెద్ద పైల్ ఒకటి దిగడానికి ఇలాంటి దెబ్బలు వేలల్లో పడతాయి.

ఇక్కడ డెసిబెళ్ల గురించి ఒక మాట. పైలింగ్ చప్పుడు నీళ్లలో 200 డెసిబెళ్లు దాటుతుందనగానే కొందరు జెట్ విమానం 140 కదా అని పోల్చేస్తారు. అది తప్పు. గాలిలో కొలత 20 మైక్రోపాస్కల్స్ ఒత్తిడి నుంచి మొదలైతే నీళ్లలో 1 మైక్రోపాస్కల్ నుంచి మొదలవుతుంది. నీటి సాంద్రత, నీళ్లలో శబ్దవేగం తేడాలు కూడా కలిపితే, ఒకే తీవ్రత ఉన్న శబ్దానికి నీళ్లలో అంకె 62 దాకా ఎక్కువ వస్తుంది. శేరును కిలో అనుకొని బేరమాడినట్టే. భయపెట్టాలంటే నిజం చాలు, అంకె పెంచక్కర్లేదు.

నిజం ఏమిటంటే, పైల్‌కు మరీ దగ్గరలో ఉన్న జంతువుకు చెవి పోవచ్చు. కాస్త దూరంలో ఉంటే, దీపావళి రాత్రి లక్ష్మీబాంబు పక్కనే పేలాక మనకు చెవులు గింయ్‌మన్నట్టు కొన్ని గంటలు వినికిడి మందగించి మళ్లీ వస్తుంది. ఇంకా దూరంలో ఉన్నవాటికి చెవికేమీ కాదు, అవి ఆ చోటు వదిలి పారిపోతాయి. ఇదే మా ఎనుము కథ. డెన్మార్క్ తీరంలో హార్న్స్ రెవ్ అనే చోట గాలిమరలు పాతినప్పుడు, పోర్పాయిస్ అనే చిన్న జాతి డాల్ఫిన్ బంధువులు దాదాపు 20 కిలోమీటర్ల దూరం వరకూ తగ్గిపోయినట్టు తేలింది. వాటి క్లిక్కులను నీళ్లలో దింపిన యంత్రాలు లెక్కబెట్టాయి. 2008లో అక్కడ రెండో విడత పని జరిగినప్పుడు, పైలింగ్ ఆగిన ఒకటి నుంచి మూడు రోజులకు గానీ దగ్గరి నీళ్లలో ఆ క్లిక్కులు మామూలు స్థాయికి రాలేదు. ఆ విడతలో పాతినవి 91 గాలిమరలు. ఒకటి దిగాక జంతువులు తిరిగొచ్చేలోపే ఇంకోటి మొదలైతే, వాటికి ఆ చోటు నెలల తరబడి లేనట్టే లెక్క.

పోతే పోనీ, సముద్రం పెద్దది కదా, ఇంకో చోట తింటాయి అనొచ్చు. పోర్పాయిస్ విషయంలో ఆ మాట అంత తేలిక కాదు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, డెన్మార్క్ నీళ్లలో వీటి ఒంటికి చిన్న రికార్డర్లు అంటించి చూశారు. కొన్ని గంటకు 550 దాకా చిన్న చేపలను వేటాడుతున్నాయి, పదిసార్లలో తొమ్మిదికి పైగా చేప చిక్కుతోంది. చల్లటి నీళ్లలో చిన్న ఒళ్లు త్వరగా వేడి కోల్పోతుంది, అందుకే రాత్రింబగళ్లు ఆ తిండి. దినకూలి ఇల్లు లాంటిది దాని బతుకు. నాలుగు రోజులు పని పోతే మనకెంతో, దానికీ అంతే.

అమెరికా చట్టం ఈ రెండు నష్టాలనూ వేర్వేరుగా గుర్తించింది. 1972లో వచ్చిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కింద గాయపరచగలిగేది ఒక తరగతి, గాయం లేకుండా తిండినీ, ఈనడాన్నీ, పాలివ్వడాన్నీ చెడగొట్టగలిగేది ఇంకో తరగతి. పాలివ్వడం అన్న మాట చట్టంలోనే ఉంది. మన వన్యప్రాణి రక్షణ చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. డ్యూగాంగ్, గంగా డాల్ఫిన్, చిలికా సరస్సులో కనిపించే ఇరావడీ డాల్ఫిన్ అందులో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. జంతువును తోలడాన్ని కూడా వేట నిర్వచనంలోనే చేర్చారు. చప్పుడుతో తోలితే? ఆ ప్రశ్నను మనం గట్టిగా అడగడం ఇంకా మొదలుపెట్టలేదని నా అభిప్రాయం.

మరి పని ఆపలేం, జెట్టీలు కావాలి, ఏం చేస్తారు? తాడిపత్రి వైపు క్వారీల పక్క రోడ్డులో పోయేవాళ్లకు దీని మొదటి భాగం తెలిసే ఉంటుంది. మందు పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకొని ఒక మనిషి రోడ్డుకు అడ్డంగా నిలబడతాడు. ‘ఐదు నిమిషాలు ఆగున్నా’ అంటాడు. విజిల్ వేస్తారు, అటూ ఇటూ చూస్తారు, ఎవరూ లేరని సైగ వచ్చాకే పేలుస్తారు. సముద్రంలోనూ అలాంటి మనిషి ఉంటాడు. బ్రిటన్ నిబంధనల ప్రకారం పైలింగ్‌కు ముందు కనీసం 30 నిమిషాలు, చుట్టూ 500 మీటర్ల మేర బైనాక్యులర్‌తో గాలిస్తాడు. జంతువు కనబడిందా, మొదలుపెట్టకూడదు.

అయితే క్వారీలో జెండా చూసేది మనిషి. డాల్ఫిన్‌కు ఏ జెండా చూపిస్తాం? అందుకే హ్యామర్‌నే విజిల్‌గా వాడతారు. మొదటి దెబ్బలు మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా, కనీసం 20 నిమిషాలు తీసుకొని పూర్తి బలానికి వస్తారు. పోవలసినవి ఆ లోపు పోతాయని ఆశ. దూడ వెంట ఉన్న తల్లో, అక్కడే మంచి మేత దొరికినదో పోకుండా ఉండిపోతే ఈ పద్ధతి ఏమీ చేయలేదు. ఇంకో లోపం మనిషి కంటిది. పోర్పాయిస్ ఊపిరి కోసం పైకొచ్చి క్షణంలో మునిగిపోతుంది. అలలు కాస్త లేచినా, పొద్దుగూకినా కనబడదు. అప్పుడు హైడ్రోఫోన్లు, అంటే నీళ్లలో పనిచేసే మైకులు, దింపి వాటి క్లిక్కులు వింటారు. అవి 130 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, మన చెవి 20తో ఆగిపోతుంది. ఇవన్నీ కాక, ముందే తరిమేద్దామని ప్రత్యేకంగా చప్పుడు చేసే యంత్రాలున్నాయి. జొన్నచేలో డబ్బా కొట్టి పిట్టల్ని తోలినట్టు. వాటిలో కొన్ని అవసరమైన దానికంటే ఎంతో దూరం తరిమేస్తున్నాయని తేలింది. ఆ డబ్బా కూడా చప్పుడే కదా.

నాకు బాగా నచ్చినది మాత్రం బుడగల తెర. చిల్లులున్న గొట్టాన్ని పైల్ చుట్టూ సముద్రపు అడుగున పరిచి, కంప్రెసర్‌తో గాలి తోస్తారు. అడుగు నుంచి పైదాకా బుడగల గోడ లేస్తుంది. ఇదెలా పనిచేస్తుందో వంటింట్లోనే వినొచ్చు. వేడినీళ్లలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి గిరగిరా కలిపి, స్పూనుతో కప్పు అడుగున టక్ టక్‌మని కొడుతూ ఉండండి. మొదట బొంగురుగా మోగుతుంది. బుడగలు పైకిపోయే కొద్దీ స్వరం పెరిగి సన్నబడుతుంది. బుడగలున్న నీళ్లలో శబ్దం నెమ్మదిస్తుంది కాబట్టే ఆ బొంగురు. నూటికి ఒక పాలు గాలి కలిసినా దాని వేగం సెకనుకు 1,500 మీటర్ల నుంచి 100, 150కి పడిపోతుంది, అంటే ఒట్టి గాలిలో కంటే కూడా తక్కువ. మామూలు నీళ్లలోంచి వచ్చిన శబ్దం ఈ మెత్తటి గోడకు తగిలి చాలావరకు వెనక్కి మళ్లుతుంది, కొంత బుడగలను వణికించి అందులోనే ఇంకిపోతుంది.

1996లో హాంకాంగ్‌లో విమాన ఇంధనం దించే కేంద్రానికి పైల్స్ దింపుతూ, అక్కడి మూపురం డాల్ఫిన్ల కోసం ఈ తెరను వాడి చూశారు. తగ్గింది 3 నుంచి 5 డెసిబెళ్లే. అంకె చిన్నదిగా ఉన్నా, 3 డెసిబెళ్లు తగ్గితే శక్తి సగమైనట్టు. ఇప్పటి పెద్ద తెరలు 10 దాకా, కుదిరిన చోట ఇంకా ఎక్కువ తగ్గిస్తున్నాయి. పది తగ్గితే పదో వంతు. జర్మనీ ఒక హద్దు గీసింది. పైల్‌కు 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శబ్ద శక్తి 160 డెసిబెళ్లు దాటకూడదు. కాంట్రాక్టర్లు ఏ తెర కట్టుకుంటారో వాళ్ల ఇష్టం, ఆ అంకె మాత్రం దాటకూడదు. ఈ పద్ధతి నాకు సబబుగా అనిపిస్తుంది. నేల లోపలినుంచి పోయి తెర అవతల పైకి తేలే శబ్దాన్ని ఆ తెర ఆపలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

చిత్రమేమిటంటే మా పక్క చేనులో రాయిని కొట్టే హ్యామర్‌ను నడిపిందీ కంప్రెసరే. అక్కడ చప్పుడు చేసేదీ గాలే, ఇక్కడ చప్పుడు మింగేదీ గాలే.

అసలు కొట్టకుండానే దించొచ్చు కదా అని మా తమ్ముణ్ణి అడిగాను. వాళ్ల సైటులో అదే చేస్తున్నారట. ఇనుప లైనర్‌ను వైబ్రో హ్యామర్‌తో వణికిస్తూ దించి, లోపల తవ్వి, కమ్మీలు దింపి కాంక్రీటు పోస్తారు. దెబ్బ దెబ్బకీ పేలినట్టుండదు. కాకపోతే వణుకు ఎడతెగకుండా సాగుతుంది. అందుకే అమెరికా లెక్కల్లో ప్రవర్తన చెదిరే హద్దు దెబ్బల శబ్దానికి 160 డెసిబెళ్లు అయితే, ఎడతెగని శబ్దానికి 120 మాత్రమే. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపుతున్నాం. పైలింగ్‌కూ అలాంటి కాలం చూసుకుంటే అన్నిటికంటే చవకైన తెర అదే. దానికి ముందు ఏ తీరంలో ఏ జంతువు ఏ నెలలో ఈనుతుందో తెలిసి ఉండాలి.

మా ఎనుము మూడోపూటకు చేపింది. పక్క చేనులో బోరు మాత్రం పడలేదు, దుమ్మే లేచింది. రెండు వారాల తర్వాత ఆ చేను ఆయన మా వాకిట్లోకొచ్చి, ‘వదినా, సోమవారం ఇంకో పాయింటులో వేయిస్తున్నాం, ముందే చెప్తున్నా’ అన్నాడు. అమ్మ ఆదివారం సాయంత్రమే ఎనుమునూ దూడనూ తోలుకొని ఊరి ఆ చివర పెద్దమ్మ వాళ్ల కొట్టంలో కట్టేసి వచ్చింది.