పదిహేను రాళ్లు: జెన్ గుడి తోట గురించి అపోహలు - వాస్తవాలు

జపాన్‌లోని క్యోటోలో మనవాళ్లకు గుళ్లు చూపించడం నా పని. ర్యోఆన్‌జీ అనే జెన్ (బౌద్ధంలో ఒక శాఖ) గుడిలోని రాళ్ల తోట దగ్గరికి వచ్చేసరికి దాదాపు ప్రతి బృందం నుంచీ ఇవే మాటలు వింటాను.

అపోహ: తోట మధ్యలో కూర్చుని ధ్యానం చేసుకోవచ్చు.
వాస్తవం: తోటలో పరిచిన తెల్ల కంకర మీద కాలు పెట్టనివ్వరు. దంతెతో గీతలు గీసేవాళ్లే అందులోకి దిగుతారు. మనం చెప్పులు విప్పి, వరండా చెక్కల మీద కూర్చుని చూడాలి. జెన్ అన్న మాట మాత్రం మన 'ధ్యానమే'. చైనాలో 'చాన్' అయి, జపాన్ చేరి 'జెన్' అయింది.

అపోహ: ఇదొక పొడుపుకథ, విప్పాలి.
వాస్తవం: ఇరవై అయిదు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న జాగాలో పదిహేను రాళ్లు. వరండాలో ఎక్కడ కూర్చున్నా ఒక్కటైనా చాటున ఉండిపోతుంది, అది నిజమే. దాంతో జనం అటూ ఇటూ నడుస్తూ లెక్కపెట్టడంతోనే సరిపెట్టేస్తారు. మొదట్లో నేనే లెక్కపెట్టించేవాణ్ణి. ఒకసారి మా బృందంలోని పెద్దావిడ, "కాసేపు ఊరుకో నాయనా" అంది. చాలాసేపు చూసి, రాళ్లను వదిలేసి వెనకున్న గోడ చూపించింది. "మా పాత వంటిల్లు గోడలా జిడ్డు కారిందేంటి?" ఆవిడ కన్ను తప్పలేదు. నూనెలో ఉడికించిన మట్టితో కట్టారట ఆ గోడని. వందల ఏళ్లుగా నూనె ఊరి ఆ మరకలు పడ్డాయి. అప్పటిదాకా నేను ఆ గోడని సరిగ్గా చూడనేలేదు.

అపోహ: ఫలానా గురువు ఫలానా అర్థంతో కట్టాడు.
వాస్తవం: గుడి పెట్టించింది హొసొకవా కత్సుమోతో అనే దొర, 1450లో. తోట ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో పండితులకే తేలలేదు. ఒక రాయి వెనక రెండు పేర్లు చెక్కి ఉన్నాయి, అవి పనివాళ్లవి కావచ్చు. సముద్రంలో దీవులనీ, పిల్లలతో ఏరు దాటే పులి అనీ చెప్పేవన్నీ తర్వాత అల్లుకున్నవే. రాళ్ల చుట్టూ పచ్చటి నాచు కూడా ఉందని ఎవరూ చెప్పరెందుకో!

అపోహ: ఎప్పుడెళ్లినా ప్రశాంతం.
వాస్తవం: పదింటికి స్కూలు పిల్లలతో వరండా మన రైల్వే ప్లాట్‌ఫారమే. తలుపులు తీయగానే వెళ్లండి. చలికాలమైతే మందపాటి సాక్సులు మర్చిపోవద్దు, ఆ చెక్కలు ఐసుగడ్డలే.